రెండో బాణం



పేగు పుండ్లతో ఏండ్ల తరబడి నెత్తురు విరేచనాలు పడేవాళ్ళు నల్లగొండ, పాలమూరు పల్లెల్లోనూ ఉన్నారు. బస్సెక్కాలంటే భయం, కూలికి పోవాలంటే సిగ్గు. పూర్వజన్మ కర్మ అంటే నమ్మకండి. బాబాసాహెబ్ ఆ మాట ఒప్పుకోలేదు.

కడుపు జబ్బుతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును తోటివారు పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందునితో కలిసి స్వయంగా కడిగాడు.

నొప్పి మొదటి బాణం, దానిపై దిగులు రెండోదన్నాడు బుద్ధుడు. మొదటిదానికి డాక్టరిచ్చిన మందులు, మానొద్దు. రెండోదానికి మానసిక చికిత్స: భయపెట్టే ఆలోచన ఎంతవరకు నిజమో పరీక్షించడం, శ్వాసను గమనించడం. అది పుండును మాన్పదు, బతుకు బరువు తగ్గిస్తది. దవాఖానలో అడగండి; టెలిమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంటివాళ్ళారా, రోగిని అసహ్యించుకోకండి. కరుణంటే అదే.

నమో బుద్ధాయ!