కారణం వేరు, నేరం వేరు

బిడ్డ గుండెలో రంధ్రం ఉందని డాక్టర్ చెప్పగానే చాలా ఇళ్ళలో ప్రశ్నలన్నీ తల్లి మీదికే వస్తాయి. "ఏం తిన్నావు? బరువు ఎత్తావా? గ్రహణం రోజు బయటికి వెళ్ళావా?" పురిటి నొప్పులు ఇంకా మరువని స్త్రీ ముద్దాయిలా తల వంచుకుని సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఇది న్యాయమేనా? ఆలోచించండి.

ముందు విషయం తెలుసుకుందాం. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు అంత అరుదైనవి కావు. ప్రతి 100 మంది శిశువుల్లో దాదాపు ఒకరికి ఏదో ఒక లోపం ఉంటుంది. పిండం ఏర్పడిన నాలుగో వారంలోనే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఎనిమిదో వారం ముగిసేసరికి గుండె గదుల నిర్మాణం చాలావరకు పూర్తవుతుంది. అప్పటికి ఎందరో స్త్రీలు ఆసుపత్రి గడప కూడా తొక్కి ఉండరు.

అవే రోజుల్లో మాయ కూడా రూపుదిద్దుకుంటుంది. ప్రసవం తర్వాత మనం పాతిపెట్టే ఆ అర కిలో ముద్దే గర్భంలో శిశువుకు ఊపిరితిత్తుల పని, మూత్రపిండాల పని చేస్తుంది. తల్లి రక్తం, శిశువు రక్తం అక్కడ దగ్గరదగ్గరగా ప్రవహిస్తాయి, కాని కలిసిపోవు. ప్రాణవాయువు, పోషకాలు సన్నని పొర దాటి శిశువును చేరతాయి. శిశువు గుండె తన రక్తంలో పెద్ద భాగాన్ని బొడ్డుతాడు ద్వారా మాయలోకి పంపి తిరిగి తెచ్చుకుంటుంది. మాయలో రక్తనాళాలు సరిగా విస్తరించకపోతే ఆ చిన్ని గుండె మీద భారం పెరుగుతుంది.

కేంబ్రిడ్జి దగ్గరి బాబ్రహం ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. జన్యులోపం వల్ల బతకలేని 103 రకాల చిట్టెలుకల పిండాలను వారు పరీక్షించారు. దాదాపు మూడింట రెండు వంతుల రకాల్లో మాయ సరిగా లేదు. అలాంటి పిండాల్లో గుండె, మెదడు, రక్తనాళాల లోపాలు కూడా తరచుగా కనిపించాయి. ఎలుకల్లో తేలినదంతా మనిషికి వర్తించదు. అయినా గుండె లోపానికి మూలం గుండెలోనే ఉండనక్కరలేదని ఈ పరిశోధన తెలియజేసింది.

"అయితే లోపం మాయలో ఉంది, మాయ తల్లిది, కనుక తప్పు ఆమెదే" అని ఎవరైనా అనవచ్చు. ఈ వాదన రెండు విధాలా చెల్లదు. మొదటిది, మాయ ప్రధానంగా పిండం కణాల నుంచే తయారవుతుంది. అందులో తండ్రి జన్యువులు కూడా ఉంటాయి. రెండవది, కారణం వేరు, నేరం వేరు. ఒక పనిని నేరం అనాలంటే అది చేసిన మనిషికి తెలిసి ఉండాలి, ఆపే శక్తి ఉండాలి. కంటికి కనబడని కణాల మధ్య జరిగినదానికి తల్లిని గాని, తండ్రిని గాని దోషిగా నిలబెట్టడం అన్యాయం. పైగా చాలా సందర్భాల్లో ఫలానాదే కారణమని వైద్యులు సైతం తేల్చలేరు.

హిజ్రీ 10లో దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం కన్నుమూసిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం వచ్చిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆ తండ్రి ఆ మాటను ఒప్పుకోలేదు. ఎవరి చావుపుట్టుకలకూ గ్రహణంతో సంబంధం లేదని స్పష్టం చేశారు. ఈ సంఘటన తెలిసిన మనం గ్రహణం పేరుతో కోడలిని నిలదీయడం ఎంతవరకు సమంజసం?

అయితే ఎవరికీ బాధ్యత లేదా? ఉంది. బిడ్డ పుట్టక ముందే ఉంది. గర్భానికి ముందే షుగరును అదుపులోకి తెచ్చుకోవడం, రుబెల్లా టీకా వేయించుకోవడం, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టడం, ఇంట్లో పొగ తాగకపోవడం, డాక్టర్‌ను అడగకుండా మందులు వాడకపోవడం, ఐదో నెలలో స్కానింగ్ చేయించడం. వీటిలో చాలావాటికి భర్త, అత్తమామల సహకారం లేనిదే వీలుపడదు.

ఇవన్నీ పాటించినా లోపంతో బిడ్డ పుట్టవచ్చు. అప్పుడు తఖ్దీర్ అని చేతులు ముడుచుకు కూర్చోవడమూ పొరపాటే. కొన్ని చిన్న రంధ్రాలు వాటంతటవే మూసుకుపోతాయి. చాలా లోపాలకు నేడు చికిత్స ఉంది.

అలాంటి ఇంట్లో బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారు కావాలి, తల్లికి వేళకు అన్నం పెట్టేవారు కావాలి, దువా చేసేవారు కావాలి. తీర్పు చెప్పేవారితో పని లేదు.