నామోషీ

సిగ్గు, బిడియము, తలవంపు, నగుబాటు అని గాఢమైన లజ్జను దెలుపు మాటలు మన తెలుగున కొఱవ లేదు. అయినను వీనిని మించి మన నాలుకపై నిలిచినది పరభాషనుండి వచ్చిన 'నామోషీ'. నాయుడుపేటలో న్యాయవాదవృత్తి చేయు నేను కక్షిదారుల నోట ఈ మాట వినని వారము లేదు. కావున దీని పుట్టుక నించుక విచారింతము.

గ్రీకుభాషలో 'నోమోస్' అనగా శాసనము, ఆచారము. అది సిరియక్ భాష మూలమున అరబ్బీని జేరి 'నామూస్' అయ్యెను. పారసీకమున దానికి పరువు, ప్రతిష్ఠ అను నర్థములు కలిగెను. హిందుస్తానీ మార్గమున మనయొద్దకు వచ్చునప్పటికి అది అప్రతిష్ఠ యయ్యెను. ధర్మముగా బుట్టిన మాట తుదకు నలుగురి కన్నులకు వెఱచుటగా మాఱినది!

మన పెద్దలు ఈ భేదము నెఱుగుదురు. అమరకోశము హ్రీ, త్రప, వ్రీడ, లజ్జ మొదలగువానిని ఒక్కచో జేర్చి, ఇతరులవలన గలుగు సిగ్గునకు 'అపత్రప' అని వేఱుపేరు పెట్టినది. భగవద్గీత పదునాఱవ యధ్యాయమున దైవసంపదలో లెక్కించినది హ్రీని. అనగా చేయరాని పని చేయుటకు మనస్సు తనంతట తాను సంకోచించుటను.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, బంధువులును పనివారును ఎడమైరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నీళ్లు మోసి వంట చేసిరి. లోకమునకు అది నామోషీ, ఆమెకు గాదు. బాలవితంతువు దుఃఖమును జూచుచు ఊరకుండుటయే ఆ దంపతులకు సిగ్గుగా దోచెను.

కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు అప్పుపత్రము దీసికొని నాయొద్దకు వచ్చెను. కుమార్తె కట్నమునకై స్వర్ణముఖి యొడ్డున నున్న మాగాణి తాకట్టుపడినది. ఏల యిచ్చితివని యడుగగా, "ఈకపోతే నలుగురిలో నామోషీ గదయ్యా!" అనెను. 1961వ సంవత్సరపు చట్టము ప్రకారము కట్నమిచ్చుటయు బుచ్చుకొనుటయు నేరములే. ఆ సంగతి చెప్పవలెనని నోరు తెఱచితిని, కాని చెప్పలేకపోతిని. ఆ పెండ్లిపందిటిలో నేనును విస్తరి ముందు గూర్చుండినవాడనే. కట్నపు సొమ్ము చేతులు మాఱుట చూచియు, పెద్దమనుష్యుల నడుమ మాటాడుట నామోషీ యని మిన్నకుంటిని.

చట్టము చదివిన నేను, శాసనమను నర్థముతో బుట్టిన మాటనే అడ్డుపెట్టుకొని శాసనోల్లంఘనమునకు సాక్షినైతిని. ఆ రైతునకు భూమి పోయినది. నాకు బోయిన దేమియు లేదు. అందువలననే నా తప్పు పెద్దది.

చదువరులారా! ఇకమీద 'నామోషీ' అను మాట నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణమాగి, "ఎవరి యెదుట?" అని ప్రశ్నించుకొందము. ఊరి యెదుట అని సమాధానము వచ్చినచో సందేహింపవలెను. అంతరాత్మ యెదుట అని వచ్చినచో తలవంచవలెను.