తెర మీది శాతం ఫలమా?

ఫలం మీద ఆసక్తి వద్దన్న గీత, పని ఎంతవరకు వచ్చిందో చూడొద్దని అనలేదు. కంప్యూటర్‌లో ఫైళ్లు కాపీ చేయడమే తీసుకోండి: లినక్స్‌లో సీపీ కమాండ్ కాపీ అయ్యేదాకా నోరు విప్పదు. అదే పని చేసే ఆర్‌సింక్‌ని అడిగితే శాతం, వేగం, మిగిలిన సమయం చెబుతుంది. పదేపదే అటు చూడటం ఫలాసక్తేనని కొందరు అనొచ్చు. అయితే నిజాంసాగర్ ప్రాజెక్టు ఆయకట్టులో, రుద్రూర్ రైతు తూము తీశాక గట్టు వెంట నడిచి చివరి మడి తడిసిందో లేదో చూసుకుంటాడు. అదీ సాగులో పనే. అంకెనే ఫలమనుకుంటే మాత్రం చిక్కు.

మరి నూరు శాతమయ్యాక చూసేదేముంది? ఉంది. లినక్స్‌లో అప్పటికీ కొంత డేటా పెన్‌డ్రైవ్‌కి చేరక మెమరీలోనే ఉండొచ్చు, కాలువ పారుతున్నా చివరి మడి ఎండినట్టు. సింక్ అనే కమాండ్ కొట్టి ప్రాంప్ట్ వచ్చేదాకా ఆగాలి; ఆ కాసేపూ తెర మీద ఏ శాతమూ కనిపించదు.