అనంతాళ్వారుల చెరువుకట్ట – కైంకర్య రహస్యము

శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీరంగమునకు భోగమండపమనియు, కాంచీపురమునకు త్యాగమండపమనియు, తిరుమలకు పుష్పమండపమనియు ప్రసిద్ధి. ఏడుకొండలవాడు పుష్పాలంకార ప్రియుడు. ఆనందనిలయమున స్వామి దివ్యమంగళ విగ్రహమును దర్శించు భక్తుని కన్నులు మొదట ఆ పూలదండలపై నిలుచును. దండ కనిపించును గాని దాని వెనుకనున్న తోట కనిపించదు. తోటకు నీరిచ్చిన చెరువు కనిపించదు. చెరువును నిలిపిన కట్ట అసలే కనిపించదు. ఆ కట్టకై చలిలో, వానలో గునపము పట్టిన మహనీయుని చరిత్రము కైంకర్యమనగా నేమో తెలియగోరు వారందరికిని మననము చేయదగినది.

చలికి వెరవని శిష్యుడు

11వ శతాబ్దమున శ్రీరంగమందు భగవద్రామానుజులు నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచుండిరి. తిరువేంగడమున స్వామికి పుష్పములు సమర్పించు సేవను కీర్తించు ఘట్టము వచ్చెను. ఆచార్యుల హృదయము ద్రవించెను. తిరుమలకు పోయి అచటనే నివసించి నిత్యమును స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారు ఈ గోష్ఠిలో ఎవరైన కలరా యని వారు ప్రశ్నించిరి. గోష్ఠి మౌనము వహించెను. అచట కూర్చున్నవారు భక్తిలేనివారు కారు, జ్ఞానహీనులు కారు. వారు వెరచినది తిరుమల చలికి, ఎడతెగని వానలకు.

ఆ వెరపు వట్టిది కాదు. సుమారు 850 మీటర్ల ఎత్తుననున్న ఆ కొండపై ఈశాన్య ఋతుపవనములు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. కార్తిక మార్గశిర మాసములలో ముసురు పట్టిన దినములందు మంచు, వాన, గాలి మూడును కలిసి వచ్చును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థులకు ఈ కాలము చక్కగా తెలిసినదే. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లెలో తెల్లవారుజామున గంప మోయు కూలివాని వ్రేళ్ళు కొంకర్లు పోవును. అట్టి చలిలో, అప్పటి దట్టమైన అడవిలో, వన్యమృగముల నడుమ ఒంటరి కాపురమునకు సిద్ధపడుట సామాన్యము కాదు.

ఆ మౌనములో అనంతాళ్వారు లేచి, తమకు అనుజ్ఞ దయచేయుడని ప్రార్థించిరి. ఈ సభలో మగవాడవు నీవేయని ఆచార్యులు మెచ్చుకొనిరట. నాటి నుండి వారికి అనంతాన్‌పిళ్ళై యను పేరు కలిగెనని పెద్దలు చెప్పుదురు.

కట్ట, గంప, గునపము

భార్యాసమేతులై తిరుమల చేరిన అనంతాళ్వారు పూలతోటను వేసిరి. వానకాలమున నీరు వరదగా పారిపోవును, వేసవిలో చుక్క దొరకదు. కనుక తోట ప్రక్కన చెరువు త్రవ్వి కట్ట వేయుటకు పూనుకొనిరి. తోటకును చెరువునకును గురువుగారి పేరే పెట్టుకొనిరి. తమ పేరును కోరని ఆ మహనీయుని పేరుతోనే నేడు లోకము దానిని అనంతాళ్వారు చెరువని పిలుచుచున్నది.

ఆయన గునపముతో త్రవ్వి మట్టిని గంపకెత్తగా భార్య దానిని మోసి కట్టపై పోయుచుండెను. ఆమె నాడు నిండు గర్భిణి. ఆ స్థితిని చూచి ఒక పసిబాలుడు వచ్చి తానును మట్టి మోయుదునని అడిగెను. అనంతాళ్వారు వలదనిరి. ఇది మా గురువు మాకు ప్రసాదించిన సేవ, దీనిలో పరులకు పాలు లేదని వారి భావము. బాలుడు ఊరకుండలేదు. ఆయన కంటబడకుండ ఆ తల్లికి ఎదురేగి గంప నందుకొని కట్టపై పోసి వచ్చుచుండెను. గంప త్వరత్వరగా మరలి వచ్చుట చూచి అనంతాళ్వారు సంగతి గ్రహించి, కోపముతో బాలుని వెంటబడి గునపము విసరిరి. అది వాని గడ్డమునకు తగిలెను. నెత్తురు కారుచుండగా బాలుడు పరుగెత్తి అదృశ్యుడయ్యెను.

ఆలయమున స్వామి గడ్డము నుండి రక్తము స్రవించుచుండుట అర్చకులు చూచిరి. వార్త విని పరుగున వచ్చిన అనంతాళ్వారు విషయము తెలిసి కుప్పకూలిరి. గాయమునకు పచ్చకర్పూరము అద్దిరి. నేటికిని శ్రీవారి గడ్డమునకు పచ్చకర్పూరము అలంకరింపబడుచున్నది. ఆ గునపము మహాద్వారము చెంత నేటికిని యాత్రికులకు దర్శనమిచ్చుచున్నది.

త్యాగమున మిగిలిన మమత

ఇచట ఒక సందేహము కలుగక మానదు. అనంతాళ్వారు చేసిన తప్పేమి? గురువాజ్ఞను ఇతరులకు అప్పగింపకుండుట నిష్ఠయే కదా! స్వామి ఇంతటి లీల ఎందులకు నడపెను?

రామానుజ సంప్రదాయము కర్మాచరణమున మూడు త్యాగములను బోధించును. ఫలము నాది యను భావమును విడుచుట ఫలత్యాగము. చేయువాడను నేను అను భావమును విడుచుట కర్తృత్వత్యాగము. ఈ కర్మము నాది యను భావమును విడుచుట మమతాత్యాగము. మొదటిది చాలమందికి సాధ్యము. కూలి కోరక, కీర్తి కోరక గుడికి పాటుపడువారు ప్రతి ఊరిలోను కలరు. కడపటిదే కష్టము. ఈ దీపము నేను పెట్టవలసినదే, ఈ తులసి మా ఇంటి నుండి పోవలసినదే, అన్యుడు ముట్టరాదు అను పట్టుదల భక్తివేషము ధరించి హృదయమున దూరును. అది అహంకారమని సేవకునికే తెలియదు.

అనంతాళ్వారు వంటి మహాభాగవతునకు మమత అంటగట్టుట మన పని కాదు. ఆయనను నిమిత్తముగా జేసికొని స్వామి మనకు పాఠము చెప్పెను. ఆ పాఠము చెప్పుటకు తన నెత్తురే చిందించెను. గర్భిణి మోయుచున్న బరువు సేవానిష్ఠలో మునిగిన భర్త కంటబడలేదు, దేవుని కంటబడినది. ఆరాధనమునకై చేయు పనిలో ప్రక్కవారి అలసటను మరచినచో, ఆ మరచినవారిని ఆదుకొనుటకు ఆరాధ్యుడే కూలివాడై రావలసి వచ్చును.

నీటికి దారి

పడమటి మండలములందు రాయి సమృద్ధి. కుప్పము గ్రానైటు శిల దూరదేశములందును పేరుగన్నది. చేని చుట్టును, తులసివనముల చుట్టును రాతిగోడ పేర్చుట ఇచటివారికి వాడుక. గట్టినేల తగులువరకు త్రవ్వి పెద్దరాళ్ళను అడుగున పరుపుదురు. గోడ వెడల్పంతయు ఆక్రమించు పొడుగు రాళ్ళను నడుమ నడుమ అడ్డముగా వేసి రెండు ముఖములను కలుపుదురు. సందులలో చిన్నరాళ్ళు బిగింతురు. ముసురులో పునాది తెరచినచో నీరు నిలిచి నేల మెత్తబడును. కనుక కొంచెము కొంచెముగా త్రవ్వి, నీరు తోడి, ఆ భాగము ముగించి ముందుకు పోవుదురు.

ఇంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. పల్లమున నిలబడి మెరకమట్టిని ఆపు గోడకు నీరు పోవు కన్నములు ఉండవలెను. వాననీరు వెనుక చేరి మట్టి బరువెక్కినపుడు దారి లేని గోడ ఎంత లావైనను ముందుకు ఒరుగును. చెరువుకట్టకు మరవ ఉండుట ఇందులకే. 2021 నవంబరు 19న చెయ్యేటి వరద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంచివేసెను. దిగువ గ్రామములలో అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అదే సంవత్సరము డిసెంబరు 1న తిరుమల కనుమదారిపై కొండరాళ్ళు విరిగిపడెను. చలికాలపు వానను తేలికగా చూడరాదని ఆ దినములు గుర్తుచేయుచున్నవి.

సేవకును మరవ కావలెను. నాదను భావముతో నలువైపుల మూసిన సేవ తన బరువునకే ఒరుగును. ఇతరులకు చోటిచ్చిన సేవ తరతరములు నిలుచును.

పడమటి సీమ భక్తురాలు

మదనపల్లెకు చేరువనున్న తరిగొండలో 1730లో జన్మించిన వెంగమాంబ ఇదే సత్యమును వేరొక రీతిని జీవించి చూపెను. బాల్యమున వైధవ్యము, లోకనిందలు ఆమెను ఆపలేదు. కొండకు చేరి, ఏకాంతమున తపించి, శ్రీవేంకటాచల మాహాత్మ్యము రచించి 1817లో స్వామి సన్నిధి చేరెను. నిత్యము ఏకాంతసేవలో ఆమె పేర ఇచ్చు ముత్యాలహారతి నేటికిని సాగుచున్నది. ఒక్కరు ప్రారంభించిన సేవ అనేకుల చేతులలో నిలుచుటకు అది దృష్టాంతము.

అనంతాళ్వారు జీవితమున మరియొక ఘట్టము కలదు. తోటలో పాము కరచినపుడు వైద్యము చేయించుకొమ్మని అందరును వేడిరి. పాము బలమైనదైనచో విరజానదిలో స్నానమాడి వైకుంఠనాథుని సేవింతును, ఈ దేహము బలమైనదైనచో పుష్కరిణిలో స్నానమాడి వేంకటనాథుని సేవింతునని ఆయన యనిరట. ఇచట నాదను మాట లేదు. సేవ ఒక్కటే మిగిలినది.

అందులకే స్వామి ఆ తోటను మరువలేదు. వార్షిక బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు బాగ్‌సవారి ఉత్సవమున అప్రదక్షిణముగా ఆ తోటకు విచ్చేయును. ధనుర్మాసపు చలిలో తిరుప్పావై పఠించి తులసికోటకు నీరు పోయు ప్రతి గృహిణియు, ఊరి గుడి తోటకు రాయి మోయు ప్రతి గృహస్థుడును ఆ పరంపరలోని వారే. గంప అందుకొనుటకు చేయి చాచి ఎవరైన వచ్చినచో వలదనరాదు. వచ్చినవాడు ఎవరో మనకు తెలియదు. శ్రీనివాసుని కృప అట్టి కైంకర్యబుద్ధిని అందరికిని ప్రసాదించుగాక!