ఉగాది నాటి దేవుని కడప

ఉగాది పొద్దున దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ముందు వరస ఒకసారి చూడాలి. బురఖాలు, టోపీలు, చంకన పసిపిల్లలు. చేతుల్లో టెంకాయలు, పూలు. కొందరి సంచుల్లో బెల్లం, చింతపండు. అల్లుడి దగ్గరికి ఒట్టి చేతులతో పోతారా మరి! బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, ఆమెను చేసుకున్న వెంకన్న తమ అల్లుడు అని కడప ముస్లింలు తరతరాలుగా చెప్పుకుంటారు. చరిత్రకారులు ఆధారాలు అడిగితే అడగనివ్వండి. నాకు ముచ్చటేసేది ఆ చొరవ.

అర్చన చేయించాలంటే గోత్రం లేదు, మంత్రం రాదు. అయినా బెరుకు లేదు. చుట్టరికం కలిపేసుకున్నాక బెరుకెందుకుంటుంది? మనలో చాలామందిమి వేరే మతం వాళ్ల గుడి గడప దగ్గరే ఆగిపోతాం. చెప్పులెక్కడ విడవాలి, తల మీద గుడ్డ కప్పుకోవాలా, ఎవరైనా ఏమైనా అంటారా అని. దేవుడు అడగని ప్రశ్నలే అన్నీ.

అదే ఊళ్లో అమీన్‌పీర్ దర్గా ఉంది. అక్కడికి వెళ్లే హిందువులకూ నమాజు రాదు. కొంగు తల మీదికి లాక్కుని, కొడుక్కి ఉద్యోగం రావాలని అచ్చ సీమ తెలుగులోనే మొక్కుకుంటారు.