పొడుచు ఎద్దు



మేము గ్రామ సంఘములకు తిరుగు పాత కారు పల్లము దిగునప్పుడు, రెండవ గేరు దానంతట అదే జారిపోవుచున్నది. గేరు జారినచో ఇంజను బండిని పట్టి ఉంచదు. భారమంతయు బ్రేకులమీదనే పడును. గేరు బాక్సు విప్పక తప్పదని మేస్త్రీ చెప్పెను. ఖర్చు తలచుకొని, క్రిస్మసు వరకు నడుపుదమనుకొంటిమి. 15 సంవత్సరముల రిజిస్ట్రేషను గడువు ఇంకను తీరలేదనునదియు మాకొక సాకాయెను. పిమ్మట, ఎవరికైనను అమ్మివేయుదమనుకొంటిమి.

నిర్గమకాండము 21:28, 29 మమ్మును ఆపినది. ఎద్దు హఠాత్తుగా మనిషిని పొడిచి చంపినచో యజమానికి దోషము లేదు. పొడుచు అలవాటున్నదని ఒకరు హెచ్చరించినను దానిని కట్టడి చేయనివాడు దోషియే. మేస్త్రీ చెప్పిన దినముననే మా కారు పొడుచు ఎద్దాయెను. ఆదివారమున వృద్ధులను ఎక్కించుకొనునది ఆ కారులోనే గదా! లోపము దాచి అమ్ముట ఎద్దును కట్టివేయుట కాదు, పొరుగువాని దొడ్డిలోనికి తోలుటయే.

బాగుచేయింతుమా, ఉన్నదున్నట్లు చెప్పి తక్కువకు అమ్ముదుమా అనునది రూపాయల లెక్క, కూర్చుండి చూచుకొందుము. తెలిసియు ఊరకుండుట మాత్రము లెక్క కాదు, పాపము.

అంతవరకు బస్సులో వచ్చెదము. ఆరాధన కొంత ఆలస్యమైనచో మన్నించుడి.