జంగమునికి జొన్న సంకటి వడ్డింపరాదా?



పల్నాటి ఇండ్లలో చిరకాలముగా ఒక అలవాటు కలదు. ఇంటివారు మాత్రమే ఉన్న దినమున జొన్నరొట్టెయో, సంకటియో వండుకొందురు. బంధువులో, మఠము నుండి పెద్దలో వచ్చుచున్నారని తెలిసినంతనే ఆ పిండి డబ్బా అటక ఎక్కును. సన్నబియ్యపు బస్తా దిగును. దీనిని మనము మర్యాద అందుము. నేనును నిన్న మొన్నటి వరకు అట్లే అనుకొంటిని. ఇది నిజముగా మర్యాదయేనా, లేక మన నేల పండించిన దానిని నలుగురిలో పెట్టుటకు మనము పడుచున్న సిగ్గా అను సందేహము ఇటీవల నన్ను విడువకున్నది. చిన్న విషయముగా తోచవచ్చును గాని, దాసోహమును ధర్మముగా స్వీకరించిన మనకు వడ్డనను గూర్చిన ప్రశ్న ఏదియు చిన్నది కాదు.

మాది మాచర్లకు ఎగువన ఉన్న మెట్ట పల్లె. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు వదలినారు. కుడి కాలువ క్రింద నరసరావుపేట ప్రాంతమున ఎన్నో చేలు మాగాణులైనవి. మా ఊరు ఎత్తున ఉండుటచే ఆ నీరు మాకు ఎక్కలేదు. నా బాల్యమంతయు జొన్న, సజ్జ, కొర్రలతోనే గడచినది. ఉదయము అంబలి, మధ్యాహ్నము సంకటిలోనికి గోంగూర, రాత్రి రొట్టెలోనికి కందిపప్పు. తెల్లన్నము పండుగనాటి మాట.

ఏడాదికొకసారి ఒక వృద్ధ జంగమయ్య మా ఇంటికి భిక్షకు వచ్చెడివారు. ఆ దినమున మా అమ్మ నా చేతికి సోల గిన్నె ఇచ్చి, ప్రక్క వీధిలోని వారింటికి బియ్యము బదులు తెమ్మని పంపెడిది. ఒకమారు నేను, “అయ్యవారికి సంకటి పెట్టగూడదా అమ్మా?” అని అడిగితిని. “పెట్టగూడదని ఎవరన్నారు నాయనా? ఎండలో నడిచి వస్తారు. మన ఇంట్లో ఒక్కపూట తెల్లన్నం తింటే మన కళ్ళు చల్లబడతాయి,” అన్నది. ఆయన భిక్ష ముగించి వెళ్ళిన తరువాత మేము సంకటి తింటిమి. పది దినములకు అమ్మ ఆ సోలెడు బియ్యమునకు సోలెడు కందులు కొలిచి తీర్చినది.

నలుబది ఏండ్లకు పైగా గడచిన పిదప, అమ్మ చేసిన దానిలోని ధర్మమేదో నాకు కొంచెము తెలిసివచ్చినది. ఆమె బియ్యము గొప్పదని పెట్టలేదు. తనకు దుర్లభమైనది పెట్టినది. అప్పు చేసి, ఆ అప్పును తన చేని పంటతో తీర్చినది. నేడు మన ఇండ్లలో దుర్లభమైనది బియ్యము కాదు. చౌకధరల దుకాణమున అది దొరకుచున్నది. మాగాణి ఊళ్ళలో ఇంటింట గాదెలోనే ఉన్నది. దుర్లభమైనవి జొన్నలు, వాటిని విసరు ఓపిక, రొట్టె తట్టు చేయి. అట్టియెడ అమ్మను అనుసరించుచున్నామని చెప్పుకొని మనము అతిథికి సన్నబియ్యము వడ్డించుట, ఆమె క్రియను పట్టుకొని ఆమె భావమును విడిచిపెట్టుట కాదా?

మన పంటను మనమే తక్కువగా చూచుట నేటిది కాదు. పదునైదవ శతాబ్దమున కొండవీటి రెడ్ల కొలువున వెలిగిన శ్రీనాథ కవిసార్వభౌముడు పల్నాటికి వచ్చి, ఇచటి జొన్నకూటిని, రాళ్ళను, నీటి కరవును ఎగతాళి చేసినట్లు చాటువులు ప్రచారములో ఉన్నవి. తరగతిలో ఆ చాటువులు చెప్పినప్పుడెల్ల పిల్లలు పకపక నవ్వుదురు. ముప్పది ఏండ్లు నేనును వారితో కలసి నవ్వితిని. ఆ నవ్వు ఎవరి కంచమును చూచి అని అడుగవలెనని నాకు తోచలేదు. విచిత్రమేమనగా, పల్నాటి వీరచరిత్ర కర్తగా ప్రసిద్ధుడైనవాడును ఆ శ్రీనాథుడే. ఆ కథలో బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించినాడు. ఆయన వైష్ణవుడు కదా అని మనము ఆ మాటను ప్రక్కకు నెట్టనక్కరలేదు. బసవేశ్వరుడు కల్యాణమున శరణులకు సమపంక్తి కల్పించినదియు ఆ పన్నెండవ శతాబ్దముననే. కార్తికమాసమున కారెంపూడి వీరుల ఉత్సవములలో నేటికిని చాపకూడు జరుగుచున్నది. ఆనాటి చాపపై వడ్డించినది కాలువ క్రింది సన్నబియ్యము కాదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును!

మన పురాణమును చూతము. జానుతెనుగును ఆదరించి, దేశి ఛందమైన ద్విపదను చేపట్టి బసవపురాణము రచించిన పాల్కురికి సోమనాథుడు మాదర చెన్నయ్య కథను అందు చెప్పినాడు. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చువాడు. తన భక్తిని ఎవరికిని తెలియనీక దాచుకొన్నవాడు. అతడు అర్పించిన అంబలిని శివుడు ఆరగించి, రాజు సమర్పించిన దివ్యాన్నములను ముట్టక విడిచినాడు. ఈ కథను మనము సాధారణముగా కులగర్వమును ఖండించుటకు చెప్పుకొందుము, అది సరియైనదే. కాని అంబలి సంగతి మరచిపోవుదుము. అది ఆ ఇంటి ధాన్యము, ఆ చేతుల కాయకము. లింగమునకు అర్పింపదగినదేదో అక్కడనే తేలిపోయినది. శివునికి ఒప్పినది జంగమునికి ఒప్పకపోవునా?

ఇంతవరకు వ్రాసి, కలము ఆపి ఆలోచించితిని. జొన్నను ఇట్లు కీర్తించుట నావంటి జీతగానికి సులభము. మా ఊరిలో జొన్నకూడు ఎవరును ఏరి కోరి తిన్నది కాదు. మరేమియు లేక తిన్నది. కరవు ఏడు అది కూడ లేక పస్తులున్న ఇండ్లను నేను ఎరుగుదును. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యము ఇచ్చినప్పుడు మా వీధిలో కూలివారి ముఖములు వెలిగినవి. పెద్ద రైతు తినెడి అన్నము తమ పిల్లలును తినుచున్నారను తృప్తి అది. దానిని తప్పు పట్టు అధికారము ఎవరికి కలదు? పేదవానిని “నీవు జొన్నలే తినుము, ఆరోగ్యము” అని బోధించి తాను ఏసీ గదిలో విందు ఆరగించువాని మాట వినదగినది కాదు. కనుక ఈ వ్యాసము బియ్యము మీద దండయాత్ర కాదు. కాలువ క్రింద పండిన వరియు మన పంటయే. నా ప్రశ్న సిగ్గును గూర్చినది.

మరియొక చిక్కు కలదు. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నాటి నుండి పట్టణపు అంగళ్ళలో కొర్రలు, అండుకొర్రలు అందమైన సంచులలో వెలసి, సన్నబియ్యము కంటె హెచ్చు ధర పలుకుచున్నవి. మెట్ట రైతు కళ్ళములో అమ్మినప్పుడు ఆ ధర అతనికి అందదు. అతడు ఏడాది పొడవున ప్రత్తి, మిరప వేయును. ప్రత్తి తినబడదు, మిరప ఎంతని తినగలడు? ఆ పంట అమ్మిన సొమ్ముతో ఉప్పు పప్పులతో సహా అన్నియు అంగడిలో కొనును. మిరప ధర పడిన ఏడు ఇంట గింజ ఉండదు, చేత రూకయు ఉండదు. జొన్న అట్లు కాదు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలసియుండగా జొన్నకు 450, 500 చాలును. కంకి మనిషికి, చొప్ప పశువుకు. ఒక చేను ఇంటివారిని, గొడ్లను కూడ సాకినది.

అయినను జొన్న మన వంటింటి నుండి ఏల పోయినది? పండితులు పలు కారణములు చెప్పుదురు. మా అమ్మ ఒక్కటే చెప్పెడిది. ఒకనాడు నాయన రొట్టె రుచిని మెచ్చుకొనుచుండగా, “మెచ్చుకునేవాళ్ళు ఒక్కపూట తిరగలి తిప్పితే తెలుస్తుంది,” అన్నది. తెల్లవారుజామున విసురుట, కొర్రలు దంచి పొట్టు చెరుగుట, పొయ్యి దగ్గర కూర్చుండి ఒక్కొక్క రొట్టె చేతితో తట్టుట: ఇదంతయు ఆడువారి వెన్నెముక మీద జరిగినది. బియ్యము రాగానే వారు తిరగలిని మూలకు నెట్టుట ధర్మమే. కాయకమును కైలాసమంత గొప్పదిగా ఎంచిన మతమున ఒకరి కాయకము మీద మరియొకరు రుచిని అనుభవించుట ఒప్పదు. స్థానికమైన తిండి తినవలెనను పురుషులు మొదట పిండిమర వరకు బస్తా మోయవలెను. పిదప రొట్టె తట్టుటయు నేర్చుకొనవలెను. నేను గత ఏడాది నుండి నేర్చుకొనుచున్నాను. నా రొట్టె ఇంకను గుండ్రముగా రాలేదు.

ఇక నా తప్పు చెప్పవలెను. పదేండ్ల క్రిందట నరసరావుపేటలో ఇల్లు కట్టుకొని గృహప్రవేశము చేసితిని. మా మేనత్త ఊరి నుండి రెండు బస్సులు మారి, తన చేని జొన్నలు విసిరించిన పిండి ఒక మూటయు, రాగి చెంబునకు గుడ్డ కట్టి కందిపప్పును తెచ్చినది. వంట మేస్త్రి ఆ దినమున పనీరు కూర, వేపుడన్నము మొదలైనవి చేసియుండెను. నేను ఆ మూటను ఎవరి కంటను పడకుండ సామాను గదిలో పెట్టించితిని. పంక్తిలో సగము పదార్థములు విస్తళ్ళలోనే మిగిలినవి. లింగార్పితమైన ప్రసాదమును మెతుకైన విడువరాదని పిల్లలకు బోధించు నేనే ఆ విస్తళ్ళను ఎత్తించి పారవేయించితిని. రెండు నెలలకు మూట విప్పి చూడగా పిండి పురుగు పట్టియున్నది. కుడితిలో కలుపుమని ప్రక్కింటి పాడిగేదెకు పంపితిని. ఆ తరువాత అత్తయ్య ఫోనులో, “పిండి బాగుందా అబ్బాయీ? రొట్టె విరిగిపోకుండా వచ్చిందా?” అని అడిగినది. “చాలా బాగుంది అత్తయ్యా,” అంటిని. అసత్యమాడవద్దని బసవన్న చెప్పిన మాటను ఆ ఉదయమే తరగతిలో చెప్పి వచ్చియుంటిని.

మఠములు తలచినచో ఈ విషయమున చాల చేయగలవు. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు దాసోహము జరుగుచున్నది. 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామీజీ దానిని జీవితాంతము నడపినారు. అచట రాగి ముద్ద వడ్డించుటకు ఎవరును సిగ్గుపడరు; అది ఆ నేల తిండి. మన దాసోహములకును బియ్యముతో పాటు ఎగువ పల్లెల జొన్నలు, కందులు, ఉలవలు కళ్ళము దగ్గరనే, మధ్యవర్తి లేక, ముందుగా మాట ఇచ్చి కొనవచ్చును. మాట ముందుగా అందినచో రైతు ఒక ఎకరమైన జొన్న వేయును. ఇచట ఒక జాగ్రత్త అవసరము. నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుటయే కాయకముగా జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తీసికొని రాగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపినది. రైతు భక్తుడు గదా అని ఉచితముగానో సగము ధరకో పుచ్చుకొని దానిని సేవ అనుట లక్కమ్మ ఒప్పెడి పద్ధతి కాదు.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళిన పదునైదు దినములకు మా ఊరు పోయితిని. అత్తయ్యకు ఎనుబది దాటినవి. చేనును కొడుకు చేయుచున్నాడు. పిండి సంగతి ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. “పురుగు పట్టకుండా వేపాకు వేసుకోవాలి,” అని మాత్రము అన్నది. బస్తా జొన్నలకు అంగడి ధర ఇవ్వబోగా మొదట తీసికొనలేదు. “నీ కొడుకు కాయకమునకు వెల ఇది; నీకు కాదు,” అనిన పిదప తీసికొని చీర కొంగున ముడి వేసికొన్నది. నేను బస్తా మూతి కుట్టించుచుండగా లేచి వచ్చి, మానికతో ఒక కొలత పైన పోసి, “ఇది కొసరు. దీనికి డబ్బులివ్వకు,” అన్నది.